సముద్రం ఎడంపక్కనే ఉండాలి

మా నాన్న ఎర్రబస్సు డ్రైవరు. అనకాపల్లి నుంచి నర్సీపట్నం, నర్సీపట్నం నుంచి అనకాపల్లి. ఉద్యోగమంతా ఆ రోడ్డు మీదే గడిచిపోయింది. రిటైరైన తరువాత కూడా కూరగాయలకి వెళ్తే గడియారం చూసి బయల్దేరేవాడు, వచ్చాక మళ్ళీ చూసేవాడు. "వంకాయలకెల్లినా ఈయనకి టైమ్ టేబులే" అని అమ్మ నవ్వేది. అలాంటి మనిషి తన జీవితంలో ఒకే ఒక్క సరదా ప్రయాణానికి ప్లాను వేశాడు. రెండువేల దశకం మధ్యలో అనుకుంటాను. ఆ ప్లాను ఎలా వేశాడో రాయాలని నాకు చాలా రోజులుగా ఉంది. అప్పట్లో ఆయన మీద నేను అరిచిన అరుపులకి ఇది కొంచెం పరిహారం అని ఎవరైనా అంటే కాదనను. నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా వీధి వీధంతటికీ తెలుసు.

ఆ ప్రయాణం అమ్మ కళ్ళ వల్ల వచ్చింది. అమ్మ మాకవరపాలెం చుట్టుపక్కల పల్లెల్లో నర్సుగా పనిచేసింది. ఎన్ని పురుళ్ళు పోసిందో లెక్కలేదు. రిటైరైన కొత్తలో గుమ్మాలు తగులుకోవడం, పక్కనున్న గ్లాసు తన్నేయడం మొదలెట్టింది. విశాఖలో కంటి డాక్టరుకి చూపిస్తే నీటికాసులు అన్నాడు. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుందట. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కలమందుతో కాపాడుకోవాలి. కుడికన్ను అప్పటికే చాలావరకు పోయింది. ఎడమకన్ను కొంచెం నయం, అది ఎన్నాళ్ళుంటుందో తను చెప్పలేనన్నాడు.

తిరిగొస్తుంటే బస్సులో అమ్మ లంకెలపాలెం దాకా టిక్కెట్టు మడతలు పెడుతూ కూర్చుంది. అప్పుడంది, "ఒక్కటే సూడాలనుందే. పొద్దు సముద్రంలో గుంకడం."

నేను బడిలో సోషల్ టీచర్ని. నోరు ఊరుకుంటుందా? మనది తూర్పు తీరం, ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి పుడతాడు గానీ సముద్రంలో అస్తమించడని పాఠం అందుకున్నాను.

"అదేనే నేనూ సెప్పేది" అంది అమ్మ. "పూడిమడక ఎల్లినా పుట్టడమే, బీమిలి ఎల్లినా పుట్టడమే. ఇంత సముద్రం ఇచ్చి దేవుడు మనకి సగమే సూపించేడు."

వెనక సీట్లో కూర్చున్న నాన్న ఇదంతా విన్నాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "మా సెల్లెలుంది కదా" అన్నాడు. ఆయన చెల్లెలు, అంటే మా అత్త, పెళ్ళవుతూనే ఓడెక్కి అండమాన్ వెళ్ళిపోయింది. అక్కడ మావయ్యది వడ్రంగం పని. గోవా ఉండగా అంత దూరం ఎందుకన్నాను నేను. "దీవంటే సుట్టూ సముద్రమే కదే. పొద్దున్న ఈపక్క పుట్టింది సూత్తాది, సాయంత్రం ఆపక్క గుంకింది సూత్తాది. ఒక్క డ్యూటీలో రెండూ అయిపోతాయి" అన్నాడు నాన్న. వేసవి సెలవులు రాగానే, ఏప్రిల్ ఆఖర్లో, విశాఖ నుంచి ఓడ. అక్కడ అత్తావాళ్ళ పక్కింటాయన వ్యాను ఇస్తాడు, నడిపేది నాన్న. అంతవరకూ ఒక్క పూటలో తేలిపోయింది.

ఆ తరువాత రెండున్నర నెలలు ప్లాను. ముందు నాతో బడిలో భారతదేశం మ్యాపు తెప్పించాడు. అందులో అండమాన్ అంటే మూలన నాలుగు చుక్కలు. "ఇందులో రోడ్డేదే?" అన్నాడు, ఏదో నేను రోడ్డు కాజేసినట్టు. అత్తకి ఉత్తరం రాశాడు. మావయ్య నాలుగు పేజీల జవాబు రాశాడు: ఎక్కడ మలుపు, ఎక్కడ ఎత్తు, ఎక్కడ కొబ్బరితోట, ఎక్కడ కల్వర్టు కుంగింది. ఆ జవాబు పెట్టుకుని నాన్న చర్చి కేలండరు వెనకవైపు దీవి దక్షిణ భాగమంతా పెన్సిలుతో గీశాడు. రోడ్డు నల్లగా, సముద్రం నీలంగా. అర్థం కాని మలుపు దగ్గర ఫోను చేసేవాడు. ఆ రోజుల్లో దీవికి సెల్ ఫోను చేస్తే సగం మాటలు సముద్రంలో పడిపోయేవి. నాన్న అరిచే అరుపులకి ఎదురింటివాళ్ళకి కూడా ఆ రోడ్డు కంఠతా వచ్చేసింది.

ఒకరోజు చూస్తే గీసిన దారంతా చెరిపేసి తిరగేసి గీస్తున్నాడు. బానే ఉంది కదా, ఎందుకు చెరిపావన్నాను.

"సముద్రం కుడిపక్కకి వత్తంది."

"వస్తే?"

"మీయమ్మకి కనపడేది ఎడం కన్ను. ముందు సీట్లో నా పక్కన కూకుంటాది. సముద్రం ఎప్పుడూ దానికి ఎడంపక్కనే ఉండాలి. తూర్పు ఒడ్డున దిగువకెల్లి, పడమటి ఒడ్డున ఎగువకి రావాలి."

ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో ఉండి, ఆయన అమ్మతో ప్రేమగా ఒక మాటనడం నేను వినలేదు. ఉప్పెక్కువైతే ఎక్కువైందంటాడు, సరిపోతే గమ్మున తింటాడు. ఆ మనిషి భార్య కంటి కోసం ఒక దీవి చుట్టూ తిరిగే దారినే తిరగేశాడు.

ఇంకో సంగతి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వారానికోసారి అమ్మని స్కూటరెక్కించుకుని పూడిమడక వెళ్ళేవాడు. చల్లగాలికి అనుకుంది అమ్మ. ఆయన చొక్కా జేబులో కాగితం ఒకటి చూశాను. దిగడానికి రెండు నిమిషాలు. నీళ్ళదాకా నడవడానికి ఏడు. చూడడానికి పదిహేను. చీర కుచ్చెళ్ళలో ఇసక దులుపుకోడానికి నాలుగు. ఎక్కడానికి మూడు. దీవిలో ఒక్కో చోట ఎంతసేపు ఆగాలో దాన్నిబట్టి వేశాడు. అమ్మని తొందరపెట్టడం ఇష్టంలేక, అమ్మ నిదానాన్నే ముందుగా లెక్కలోకి తీసుకున్నాడన్నమాట. ఇది అమ్మకి చెప్తే చంపేస్తానన్నాడు. నేను చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

అస్తమయం సంగతీ వదల్లేదు. రోజూ సాయంత్రం డాబా ఎక్కి, పొద్దు కొండ వెనక్కి వెళ్ళే టైము నోట్సులో రాసేవాడు. రోజులు పొడుగవుతున్న కొద్దీ ఎంత జరుగుతుందో చూసి, ప్రయాణం నాటికి ఆరుంపావు అవుతుందని తేల్చాడు. పడమటి ఒడ్డుకి చేరాల్సిన టైము ఆరు. ఆ అంకె చుట్టూ ఎర్రసిరాతో గీత గీశాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఈస్టర్ వెళ్ళిన ఆదివారం, చర్చిలో ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు అమ్మ లేచి నిలబడింది. "దీవికి ఎల్తన్నాం. మా ప్రయాణం కోసం ప్రార్థన సెయ్యండి" అంది. కొంప మునిగింది.

మావైపు నుంచి ఆ దీవికి వెళ్ళి స్థిరపడినవాళ్ళు తక్కువా? ప్రార్థన చేస్తే చేశారు గానీ, మధ్యాహ్నం నుంచి మా గుమ్మంలోకి మూటలు మొదలయ్యాయి. ఒకరి చెల్లెలికి కొత్తావకాయ. ఇంకొకరి బావకి ఎండు రొయ్యలు. తుమ్మపాల నుంచి ఒక రైతు, మా చర్చి కాదు, ఏ చర్చీ కాదు, ఎలా తెలిసిందో సైకిలు మీద బెల్లం దిమ్మ తెచ్చాడు. "మా తమ్ముడక్కడే ఉన్నాడమ్మా, సెరుకాడిన బెల్లం తిని ఎన్నాళ్ళయిందో" అన్నాడు. ఒకావిడ మనవరాలికి ఏటికొప్పాక లక్కపిడతలు, ఒకావిడ పెళ్ళి ఆల్బం. అడ్రసులన్నీ మేం తిరిగే రోడ్డు మీదే, లేదంటే "కూతంత లోపలికి". నాన్న కేలండరు మీద చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. సముద్రం చూసే హాల్టులు తగ్గి, మూటలిచ్చే స్టేజీలు పెరిగాయి. ఏడు తేలాయి. "ఇది విహారయాత్రా, పార్సిలు సర్వీసా?" అని నేను గొంతు చించుకున్నాను. అమ్మ ఆవకాయ జాడీ మూతకి గుడ్డ కడుతూ, "నీకేటే, నువ్వు మోత్తావా?" అంది. చివరికి మోసింది నేనే.

ప్రయాణం పది రోజులుందనగా నాన్న డాబా మీంచి అత్తకి ఫోను చేశాడు. ఆరు కావస్తోంది. నేను పక్కన ఆరేసిన బట్టలు తీస్తున్నాను. పడమటి ఒడ్డు ముందు ఒక మలుపు గురించి అడుగుతున్నాడు.

"ఉండన్నియ్యా, మీ బావ రాసుంచిన కాయితం సీకట్లో కనపడ్డం లేదు, లైటేత్తాను" అంది అత్త. స్పీకరు పెట్టకపోయినా వినపడే గొంతు అత్తది.

"సీకటేటి? ఇంకా పొద్దుంటే!"

"ఎక్కడి పొద్దు? ఇక్కడ అయిదున్నరకే గుంకిపోతాది కదా."

నాన్న ఫోను దించి నావైపు చూశాడు. ఎదురుగా మా సూర్యుడు కొండకి బెత్తెడు పైన నిక్షేపంలా ఉన్నాడు. "పాపా, ఇదేటే?" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. దేశమంతటికీ ఒకే గడియారం, తూర్పున ఉన్నవాళ్ళకి పొద్దు ముందు పుట్టి ముందు గుంకుతుంది. ఎనిమిదో క్లాసు పిల్లల చేత వల్లె వేయించిన పాఠం. మా నాన్న రెండు నెలలు డాబా ఎక్కి దిగుతుంటే, టైము కింద టైము రాస్తుంటే, పక్కనే నిలబడి బట్టలు ఆరేశాను గానీ నా బుర్రకి తట్టలేదు. ఇంకో తండ్రయితే నీ చదువు తగలెయ్య అనేవాడు. ఆయన నోట్సులో కొత్త పేజీ తిప్పాడు. "ముప్పావుగంట తేడా. దార్లో సర్దాల" అన్నాడు, అంతే.

టీ హాల్టు ఎగిరిపోయింది. బీచిలు రెండు ఎగిరిపోయాయి. అయినా సరిపోలేదు. మూడు మూటలు పోస్టులో పంపేద్దాం అన్నాడు నాన్న. ఆఖరి ఇల్లయితే మరీ లోపలికి ఉంది, అది తప్పకుండా తీసేయాలన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"ఆ ఇంటి పిల్ల ఈ సేతుల్లో పుట్టింది" అంది. "అడ్డం తిరిగి రెండ్రోజులు ఏడిపించింది వాళ్ళమ్మని. ఇప్పుడది అక్కడ కాపురం సేత్తంది, దానికో బిడ్డ. దాని గుమ్మం ముందునించి ఎల్లిపోయి సముద్రం సూసొచ్చేనంటే వాళ్ళమ్మ మొహం ఎలా సూడనండీ? పొద్దు నేకపోతే నేదు. మనుషుల్నీ ఈ కళ్ళతోనే కదా సూడాల."

ఏడు స్టేజీలూ ఉండిపోయాయి. పడమటి ఒడ్డుకి అయిదుంపావు అని నాన్న ఎర్రసిరాతో మళ్ళీ రాశాడు.

ఓడ మూడు రోజులు. బెల్లానికి చీమలు పట్టడం, నాకు వాంతులు, అమ్మ ఓడంతటికీ నర్సయిపోవడం, అవన్నీ రాస్తే వేరే కథ. దీవిలో దిగిన మర్నాడు తెల్లవారకముందే వ్యాను బయల్దేరింది. సూర్యోదయం చూశాం. అమ్మ "ఇది మనదేలే" అని తొందరగానే లేచొచ్చేసింది. ఆ తరువాత రోడ్డు. కేలండరు వెనక పెన్సిలు గీత ఎలా ఉందో అలాగే ఉంది. మలుపుకి మలుపు, ఎత్తుకి ఎత్తు. ఎడంపక్క సముద్రం. అలాంటి నీలం నేను చూడలేదు. లోతు తక్కువైన చోట పచ్చగా మారి, అడుగున రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. కొబ్బరిచెట్లు రోడ్డు మీదకి వంగి ఉన్నాయి. అమ్మ కిటికీకి తిరిగి కూర్చుని, "అబ్బ... అబ్బబ్బ..." అనడం తప్ప మాట్లాడలేదు. నాన్న రోడ్డు చూస్తూనే, ప్రతి మలుపుకీ ముందు "ఇప్పుడు సూడు" అనేవాడు. అక్కడ నిజంగానే చూడాల్సింది ఏదో ఉండేది. ఎప్పుడూ రాని ఊళ్ళో, గీసుకున్న కాగితం బలం మీద! మా నాన్న మీద నాకంత గౌరవం అంతకుముందు కలగలేదు.

ఆరు ఇళ్ళూ టైముకే అయ్యాయి. ఏడో ఇంటికి మూడున్నరకి చేరాం. పదిహేను నిమిషాల హాల్టు. ఆ పిల్ల అమ్మని చూసి వీధిలోకి పరిగెత్తుకొచ్చి కాళ్ళు పట్టుకుంది. "నేను పుట్టినప్పుడు పురుడు పోసిన అమ్మ" అని చుట్టుపక్కల అందరినీ పిలిచింది. అక్కడితో అయిపోతే బాగుండు. "అన్నం తినకుండా ఎల్తారా? మా అమ్మ ఇంటే నన్ను సంపేత్తాది" అంది. మనవాళ్ళ సంగతి తెలిసిందే, ఎక్కడికెళ్ళినా మారరు. మేం వద్దు వద్దంటుంటే దొడ్లో కోడి అరుపు వినపడింది. తరువాత వినపడలేదు. ఇంకేం వద్దంటాం? అమ్మ ఆ చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని, వేలితో దాని ముక్కూ చెవులూ తడుముతూ, మొహం దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. నాన్న గడియారం చూశాడు, అమ్మని చూశాడు, మళ్ళీ గడియారం చూడలేదు.

అయిదుకి పది నిమిషాలు తక్కువలో బయటపడ్డాం. దార్లో సముద్రం చూడ్డానికని పెట్టుకున్న హాల్టు ఎగ్గొట్టినా, ఒడ్డుకి చేరేసరికి అయిదూ నలభై. పొద్దు అప్పటికే గుంకిపోయింది. ఆకాశం ఎర్రగా ఉంది, సముద్రం మీద ఏమీ లేదు. నేను ఆపుకోలేకపోయాను. కోడికూర కోసం ఇంత దూరం వచ్చామా అని, మర్నాడు ఓడెక్కేయాలి కదా అని, నీ మంచితనం నీ కళ్ళకే పట్టిందని అమ్మని అన్నాను. అనకూడని మాట. అమ్మ, "పోన్లేవే, ఆ ఎరుపు సూసేను కదా" అంది. ఆ వైపు నుంచి మొహం తిప్పుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. నాన్న వ్యాను తిప్పాడు.

మర్నాడు పొద్దున్న అత్తావాళ్ళింట్లో అమ్మా నేనూ బట్టలు సర్దుతున్నాం. నాన్న గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ, "ఎందుకు సద్దుతున్నారు? ఓడ రేపు" అన్నాడు.

ఇద్దరం ఆగిపోయాం. టిక్కెట్లు ఆయన దగ్గరే ఉన్నాయి, ఓడ తేదీ చెప్పింది ఆయనే. నేను టిక్కెట్లు లాక్కుని చూశాను. నిజమే, ఓడ మర్నాడే.

"ఏ డిపోలోనైనా ఒక స్పేరు బస్సుంటాది" అన్నాడు నాన్న. "ఏది దార్లో ఆగిపోయినా దాన్ని పంపుతారు. స్పేరు లేకండా నేను ఏ పనీ పెట్టుకోను."

"మరి మాకు చెప్పలేదేం?"

"సెప్తే దానిక్కూడా బెల్లం ఎక్కించేత్తారు మీరు."

అమ్మ నవ్వలేక మంచం మీద కూలబడింది. నేను మాత్రం స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను, నిన్న అన్న మాట గుర్తొచ్చి.

ఆ రోజు మూటలు లేవు, ఇళ్ళు లేవు, ఒకటే స్టేజీ. మధ్యాహ్నం మూడింటికే పడమటి ఒడ్డుకి చేరాం. ఆ ఒడ్డు పేరు రాయను, ఇప్పుడక్కడ హోటళ్ళు వచ్చేశాయట. ఇసక మీద దుప్పటి పరిచి రెండున్నర గంటలు కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా అమ్మ కంగారుపడింది. నీళ్ళ మీద మెరుపు ఎక్కువై, తనకి మిగిలిన ఆ కాస్త చూపులో సూర్యుడు దొరకడం లేదు. తల అటూ ఇటూ తిప్పుతోంది. "ఏదండీ? ఎక్కడండీ?" అంటోంది.

నాన్న లేచి అమ్మ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులతో అమ్మ తల పట్టుకున్నాడు. "కొంచెం ఎడం... ఇంకొంచెం... కిందకి... హోల్డాన్" అన్నాడు. బస్సు ఆపాలంటే కండక్టర్లు అరిచే మాట.

అమ్మ కదలడం మానేసింది. "దొరికింది" అంది.

నాన్న చేతులు తీయలేదు. సూర్యుడు దిగుతున్న కొద్దీ అమ్మ తలని కూడా అంతే నెమ్మదిగా దించుతూ వచ్చాడు. అమ్మ మాకు చెప్తోంది, మాకు కనపడనట్టు. "తగిలింది... సగం ములిగింది... ఇంకో గోరంత ఉంది..." నా కళ్ళు నిండిపోయి ఆ చివరి గోరంత నేను చూడనే లేదు. నాకు బాధ లేదు, అది నా కోసం కాదు.

నాలుగేళ్ళ తరువాత ఎడమకన్ను కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు అమ్మకి పగలో రాత్రో మాత్రం తెలుస్తుంది. అలాంటి రోజొకటి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు, అయినా వచ్చిన రోజు మేం ముగ్గురం అన్నం తినలేదు.

ఆ సాయంత్రం మాత్రం, పొద్దు గుంకిన తరువాత నాన్న వ్యాను తాళాలు తీసి, "పద, సీకటి పడతాది" అన్నాడు. అమ్మ లేవలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది.

"ఉండండి. కళ్ళు మూసినా ఇంకా కనపడతాంది. గుండ్రంగా అలాగే ఉంది. మీరూ మూసి సూడండి."

నాన్న అమ్మ పక్కన ఇసకలో మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "అవునే, ఉంది" అన్నాడు. "ఎంతసేపుంటాదే?" అని అడిగాడు.

"తెలీదు" అంది అమ్మ. "ఉన్నంతసేపూ సూద్దాం."